ఐటూసీ చిక్కులకు చవక లాజిక్ ఎనలైజర్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఎనిమిది చానళ్లు, 24 మెగాహెర్ట్జ్ అని పైన ముద్రించి అమ్మే, తీగలపై సిగ్నళ్లను సున్నాలు, ఒకట్లుగా నమోదు చేసే చిన్న యూఎస్‌బీ లాజిక్ ఎనలైజర్‌ను పల్స్‌వ్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిపి కొన్నేళ్లుగా వాడుతున్నాను. నా పని ఎక్కువగా ఐటూసీ (I2C, చిప్పులు రెండు తీగలపై మాట్లాడుకునే పద్ధతి) బస్ మీదే కనుక నా అభిప్రాయం దానికే పరిమితం.

చిప్పుల మధ్య సంభాషణ ఎక్కడ తెగిందో చూపడంలో దీనికి వంక పెట్టలేను. ఎస్‌డీఏ (డేటా తీగ), ఎస్‌సీఎల్ (క్లాక్ తీగ), గ్రౌండ్ తగిలించి, సిగ్నళ్లను చదివిపెట్టే డీకోడర్ ఎంచుకుంటే చిరునామా ఏది వెళ్లింది, దానికి యాక్ (అందిందన్న సూచన) వచ్చిందా, నాక్ (అందలేదన్న సూచన) వచ్చిందా అన్నది వరుసగా తెరపై కనిపిస్తుంది. చదువుతున్న మధ్యలో కంట్రోలర్ రీసెట్ అయి, అవతలి చిప్ ఎస్‌డీఏను కిందికి లాగిపెట్టి వదలకపోతే, ఆ కదలని గీత కూడా వెంటనే దొరుకుతుంది. ఎస్‌సీఎల్‌పై తొమ్మిది పల్స్‌ల దాకా పంపితే సాధారణంగా బస్ విడుదలవుతుంది.

అసలు ఇబ్బంది సిగ్నల్ ఆకారం దగ్గర వస్తుంది. పొడవైన కేబుల్ చివర పెట్టిన ఒక సెన్సార్ 100 కిలోహెర్ట్జ్ వద్ద బాగా పనిచేసి, 400 వద్ద అప్పుడప్పుడు నాక్ ఇచ్చేది. ఎనలైజర్‌లో మాత్రం పల్స్‌లన్నీ నిటారుగా, నిక్షేపంగా ఉండేవి. ఈ పరికరం 2 వోల్టులు వస్తే చాలు, ఒకటి అని రాసుకుంటుంది, 3.3 వోల్టుల ఐటూసీలో చిప్ ఒకటిగా గుర్తించేందుకు అందులో 70 శాతం, అంటే దాదాపు 2.3 వోల్టులు కావాలి. వోల్టేజీని గీతగా గీసి చూపే ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే అంచు మెల్లగా వంగుతూ పైకెక్కుతోంది. బస్ కెపాసిటెన్స్ (తీగలు, చిప్పులు చార్జ్ నిలుపుకునే గుణం) 100 పికోఫారడ్లు అనుకున్నా, 10 కిలో ఓమ్‌ల పుల్‌అప్‌తో (తీగను పైకి లాగే రెసిస్టర్‌తో) రైజ్ టైమ్, అంటే సిగ్నల్ పైకెక్కే సమయం, సుమారు 850 నానోసెకన్లు అవుతుంది; 100 కిలోహెర్ట్జ్‌కు 1000 వరకు చెల్లుతుంది గానీ, 400కు 300 దాటకూడదు. 2.2 కిలో ఓమ్‌లు వేస్తే 190లోపే ఉంటుంది. అలాగే మార్చాక నాక్‌లు ఆగిపోయాయి. అలాగని మరీ తగ్గించకూడదు. మామూలు చిప్పులు 3 మిల్లీ ఆంపియర్లు లాగగలవన్న లెక్కన 3.3 వోల్టుల వద్ద ఒక కిలో ఓమ్ దాదాపు అడుగు హద్దు. మాడ్యూళ్లు ఎక్కువైతే వాటిపై ఉన్న పుల్‌అప్‌లన్నీ సమాంతరంగా కలిసి ఈ హద్దును తెలియకుండానే దాటిస్తాయి.

అందుచేత ప్రోటోకాల్ తప్పులకు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు; వోల్టేజీ అనుమానాలకు ఆసిలోస్కోప్ తప్పదు. పెట్టెలో వచ్చిన వైర్లు మాత్రం త్వరగా వదులవుతాయి. గ్రౌండ్ వైరు వదులైతే లేని పల్స్‌లు పుట్టుకొస్తాయి కనుక, బస్‌ను అనుమానించే ముందు దాన్ని ఒకసారి కదిపి చూడాలి.