ప్రాడో మూడు టన్నులు లాగుద్ది, మా సంసారాన్ని మోయడమే కష్టం

నాలుగేళ్లుగా 2019 మోడల్ టొయోటా ప్రాడోకి, అంటే 2.8 డీజిల్ ఆటోమేటిక్‌కి, పద్దెనిమిది అడుగుల కారవాన్, అంటే కారు వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు, తగిలించుకుని తిరుగుతున్నాం. మేముండేది మెల్‌బోర్న్ పడమర పక్క, టార్నీట్‌లో. కారవాన్‌తో తిరిగిందే 38,000 కిలోమీటర్లు అయింది. కొత్తగా కొనాలనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ప్రాడో ఎంత లాగుద్దన్నా?" 3,000 కిలోలు. ఆ అంకె అబద్ధం కాదు. మాకు మాత్రం అది ఒక్కరోజు కూడా అక్కరకు రాలేదు.

కారవాన్ అమ్మినాయన కూడా ఆ అంకే పట్టుకున్నాడు. "మీది మూడు టన్నుల బండి, ఇది రెండున్నర కూడా లేదు, నిశ్చింతగా పట్టుకెళ్లండి" అన్నాడు. నేను తలూపి సంతకం పెట్టాను. కారవాన్ ప్లేటు మీద ఏటీఎం 2,450 అని ఉంది. ఇది డబ్బులిచ్చే ఏటీఎం కాదు, సామానుతో సహా కారవాన్ మొత్తం బరువు దాటకూడని హద్దు. ఖాళీ బరువు 1,960 అని రాశారు. మేం పందిరీ రెండో బ్యాటరీ బిగించాక ఖాళీదాన్నే కాటా వేయిస్తే 2,090 వచ్చింది. సామానుకి మిగిలింది 360. అందులో రెండు ట్యాంకుల నీళ్లకే 164 పోతాయి.

మొదటి ప్రయాణంలోనే భయపడ్డాం. హ్యూమ్ హైవే మీద సీమోర్ దాటాక, రెండు ట్రైలర్ల లారీ ఒకటి మమ్మల్ని దాటుకుంటూ పోయింది. ఆ గాలికి కారవాన్ తోక ఊగడం మొదలుపెట్టింది. అద్దంలో ఒకసారి కుడివైపు కనిపిస్తోంది, ఒకసారి ఎడమవైపు. స్టీరింగు చేతిలో ఉందే గానీ నా మాట వినడంలేదు. కారు బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, డాష్‌బోర్డు మీదున్న రెడార్క్ బ్రేకు కంట్రోలర్ బొత్తం నొక్కాను. అది నొక్కితే కారవాన్‌కి ఒక్కదానికే బ్రేకు పడుతుంది, వెనక నుంచి లాగి పట్టినట్టు తిన్నగా అవుతుంది. ఈ ఒక్క పరికరం కోసం ఎంత ఖర్చైనా పెట్టొచ్చు. (2,000 కిలోలు దాటిన ట్రైలర్‌కి ఇక్కడ అన్ని చక్రాలకీ బ్రేకులు ఉండాలి, కొక్కెం ఊడిపోతే వాటంతటవే పడాలి.)

పక్కన ఆపాక మామయ్యగారు దిగి, చుట్టూ తిరిగి చూశారు. ఆయనది నరసరావుపేట దగ్గర పల్లె, చిన్నప్పుడు ఎడ్లబండి తోలినాయన. "వెనకంతా సైకిళ్లు, ఇనప పెట్టె కట్టావు గదా బాబూ. వెనక బరువెక్కితే కాడి లేచిద్ది. ముందెక్కితే ఎడ్ల మెడ మీద పడిద్ది. ఇదీ బండే గదా" అన్నారు. యూట్యూబ్‌లో గంటల తరబడి చూసింది ఆయన మూడు ముక్కల్లో చెప్పారు. తర్వాత తూచే పరికరం కొని చూస్తే కొక్కెం మీద, అంటే టో బాల్ మీద, పడుతున్న బరువు 130 కిలోలే. కారవాన్ బరువులో ఆరు శాతం కూడా లేదు. ఇక్కడ అందరూ పది శాతానికి అటూ ఇటూ ఉండాలంటారు.

సైకిళ్లు ఇంట్లో వదిలేశాం. పనిముట్ల పెట్టె ముందుకి మార్చి, నీళ్లు ముందు ట్యాంకులోనే నింపాం. బాల్ మీద బరువు 210కి చేరింది, ఊగుడు తగ్గింది. అసలు తలనొప్పి అక్కడే మొదలైంది, ఎందుకంటే ఆ 210 కారు మోసే బరువు కిందికి వస్తుంది. ప్రాడో జీవీఎం 2,990, అంటే కారు, మనుషులు, సామాను, బాల్ మీది బరువు అన్నీ కలిపి దాటకూడని హద్దు. నిండు ట్యాంకుతో, కొక్కెంతో, మనుషులు లేకుండా కాటా మీద మా కారు 2,430 వచ్చింది. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, మామయ్యగారు కలిపి 355. బాల్ మీద 210. మొత్తం 2,995. డిక్కీలో ఒక్క సంచి పెట్టకముందే ఐదు కిలోలు ఎక్కువ! సోనామసూరి బస్తా, ఫ్రిజ్, ఊరగాయ జాడీలు, అత్తయ్యగారి గ్రైండరు ఎక్కించి తూస్తే 3,080. గుంటూరు మిర్చి లారీలాగా కాటా మీద నిలబడి కూడికలు వేసుకున్నాం.

ఇంకో సంగతి ఏమిటంటే, బాల్ వెనక ఇరుసుకి మీటరుంపావు దూరంలో ఉంటుంది కాబట్టి 210 కిలోలు పడితే వెనక చక్రాల మీద దాదాపు 300 పడుతుంది, ముందు చక్రాల మీద 90 దాకా తేలిపోతుంది. వర్షంలో స్టీరింగు తేలికైపోయినట్టుండేది ఇందుకే. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ కొక్కెం, అంటే బాల్ మీది బరువుని ముందు చక్రాలకీ పంచేది, బిగించాక ఆ 90లో చాలావరకు తిరిగి ముందుకొచ్చింది. జీవీఎంని అది కిలో కూడా పెంచదు, ఆ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

కారు సంగతికొస్తే, లాగే విషయంలో వంక పెట్టలేను. బాకస్ మార్ష్ దాటాక పెంట్లాండ్ హిల్స్ ఎక్కేటప్పుడు వేగం 80కి పడిపోతుంది, కానీ ఇంజన్ వేడెక్కదు. ఎస్ మోడ్‌లో ఐదో గేరు దాటనివ్వను. లేక్స్ ఎంట్రన్స్ ఊళ్లోకి దిగే వాలులో మూడో గేరు. డీజిల్ మామూలుగా వందకి తొమ్మిదిన్నర లీటర్లు తాగే బండి కారవాన్‌తో 15, 16 తాగుతుంది, ఎదురుగాలైతే 18. ట్యాంకులు రెండూ కలిపి 150 లీటర్లు కాబట్టి బంకు కోసం వెతుక్కునే పనిలేదు. ఆ నిండు ట్యాంకే 125 కిలోల పైచిలుకని గుర్తొచ్చినప్పుడు మాత్రం సంతోషం సగమవుతుంది. ఇప్పుడు ఆరుగురం వెళ్తే సగం ట్యాంకుతోనే బయల్దేరతాం.

జీవీఎం పెంచే స్ప్రింగులు బిగించేవాళ్లున్నారు. ఆలోచించి వద్దనుకున్నాను, అత్తామామలు వచ్చేది ఏడాదికి మూడు నెలలే. నలుగురమే వెళ్తే లెక్క హాయిగా సరిపోతుంది. కాకపోతే మొదటిసారి తూచినప్పటికీ ఇప్పటికీ పిల్లలిద్దరూ కలిపి పద్నాలుగు కిలోలు పెరిగారు.

ఫ్రిజ్ ఇంట్లోనే వదిలేశాం, కారవాన్‌లో ఒకటి ఉండగా రెండోదెందుకని. డిక్కీలో ఉన్న మిగతా సామానంతా కారవాన్‌లోకి వెళ్లింది, ఏటీఎం హద్దు చూసుకుంటూ. గ్రైండరు దగ్గర అత్తయ్యగారు ఒప్పుకోలేదు, మిక్సీలో రుబ్బిన పిండి దోసెలు ఆవిడ తినరు. పన్నెండు కిలోల ఆ రాయి ఇప్పుడు సరిగ్గా చక్రాల పైన, మంచం కింద, పాత దుప్పటి చుట్టుకుని ప్రయాణం చేస్తోంది. చోటు చూపించింది మామయ్యగారే.