గడువు జరపాలంటే ఏది మేలు: ఎక్స్‌టెన్షనా, డిఫరలా, మార్కుల కోతా?

ఏడాది ఎమ్మెస్సీ చదవడానికి బ్రిటన్ వెళ్లిన మన పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గరి లెక్కలే వెంట తీసుకెళ్తారు. పరీక్ష పోతే సప్లిమెంటరీ ఉంది, అసైన్‌మెంట్ ఆలస్యమైతే సార్‌ను బతిమాలుకోవచ్చు అనుకుంటారు. రెండూ అక్కడ సాగవు. పోయిన పరీక్షను రీసిట్‌లో ఎంత బాగా రాసినా పీజీలో సాధారణంగా పాస్ మార్కయిన 50కి మించి వేయరు. గడువు పెంచడం చాలాచోట్ల పాఠం చెప్పే మాస్టారి చేతిలో ఉండదు. ఎక్స్‌టెన్యుయేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్ (చేతిలో లేని ఇబ్బందులు) అనే ఫారం నింపి ఆఫీసుకు పంపాలి. విద్యార్థులు దాన్ని ఈసీ అంటారు.

ఉన్న దారులు నాలుగు: కొద్దిరోజుల ఎక్స్‌టెన్షన్, ఆలస్యంగా ఇచ్చి కోత భరించడం, డిఫరల్ (పరీక్షను తర్వాతి విడతకు వాయిదా వేయించుకోవడం), చదువుకే విరామం. వీటిలో ఏది మేలో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే: ఇవాళ తప్పించుకున్న పని మళ్లీ ఏ నెలలో నెత్తిన పడుతుంది?

ఆ లెక్కన ఎక్స్‌టెన్షన్‌దే పైచేయి. వారమో రెండు వారాలో దొరుకుతుంది, ఒక్క మార్కూ పోదు. చాలా విశ్వవిద్యాలయాల్లో కాగితాలేవీ లేకుండా, మీ మాట మీదే ఇచ్చే సెల్ఫ్ సర్టిఫికేషన్ కూడా ఉంది. అయితే ఏడాదికి ఇన్నిసార్లే అని పరిమితి పెడతారు. చిన్న జలుబుకే వాటిని నవంబరులో ఖర్చు చేసేసి, మేలో నిజంగా మంచం పట్టినప్పుడు చేతులు నలుపుకునేవాళ్లు ఎందరో. గుంపుగా ఇచ్చే ప్రెజెంటేషన్లకూ సమయం కట్టి పెట్టే పరీక్షలకూ మాత్రం సాధారణంగా ఇది వర్తించదు.

ఎక్స్‌టెన్షన్ రాకపోతే? కోతను చూసి అంతగా బెదరక్కర్లేదు, కానీ లెక్క వేసుకోవాలి. కొన్నిచోట్ల రోజుకు 5 మార్కులు, కొన్నిచోట్ల 10 తీసేస్తారు. కొద్దిరోజులు దాటితే సున్నాయే. రోజుకు 5 పోయే చోట 62 వచ్చే వ్యాసాన్ని రెండు రోజులు ఆలస్యంగా ఇస్తే 52, గట్టెక్కినట్టే. మూడో రోజు ఇస్తే 47, తప్పినట్టే. ఒక్క రోజు ఆలస్యానికి 5 మార్కులు పోగొట్టుకోవడం డిఫరల్ కంటే చవక బేరమని నా అభిప్రాయం.

ఎందుకంటే డిఫరల్ పైకి కనిపించినంత తీపి కాదు. మార్కుకు పరిమితి లేకుండా, మొదటిసారి రాసినట్టే లెక్కిస్తారు, నిజమే. కానీ జనవరిలో వదిలేసిన పరీక్ష తరచూ ఆగస్టుకు పోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా డిసర్టేషన్, అంటే కోర్సు చివరి పెద్ద పరిశోధన వ్యాసం, రాయాలి. నెలల క్రితం విన్న పాఠాన్ని అప్పుడు తిరగేయడం ఎంత కష్టమో ఊహించుకోండి.

పరీక్ష రోజున ఒళ్లు కాలిపోతుంటే మాత్రం రెండో ఆలోచన వద్దు, డిఫరలే అడగండి. చాలాచోట్ల ఫిట్ టు సిట్ అనే నియమం ఉంది. హాల్లో అడుగుపెడితే ఆరోగ్యంగా ఉన్నానని మీరే ఒప్పుకున్నట్టు. ‘జ్వరంతో రాశాను సార్’ అని తర్వాత మొరపెట్టుకుంటే వినేవారు అరుదు.

ఇంట్లో ఎవరైనా పోతే లెక్క మారుతుంది. పెద్దకర్మ పదకొండో రోజునో పన్నెండో రోజునో ఉంటుంది కాబట్టి ఏడు రోజుల ఎక్స్‌టెన్షన్ చాలదు. వ్యాసాలకు రెండు వారాలు, ఆ మధ్యలో పడే పరీక్షకు డిఫరల్ ఒకేసారి అడగండి. వీసా మీద ఉన్నారు కాబట్టి సెలవుకు అనుమతి వేరుగా తీసుకోవాలి. మరణ ధ్రువీకరణ పత్రం చేతికి వచ్చేదాకా ఆగవద్దు. ఆధారం తర్వాత పంపుతానని రాసి, ఫారం మాత్రం గడువులోపే పంపండి. పత్రం తెలుగులోనే ఉంటే ఇంగ్లిషు అనువాదం జతచేయాలి.

ఫారంలో ఏం రాస్తారన్నదీ ముఖ్యమే. ‘ఇంట్లో సమస్యల వల్ల చదవలేకపోయాను’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘మార్చి 4న నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చారు, 9 దాకా ఫోన్లలోనే ఉన్నాను, 10న ఇవ్వాల్సిన వ్యాసం సగమే అయింది’ అంటే తేదీ, కారణం, నష్టం మూడూ కనిపిస్తాయి. ఉద్యోగంలో షిఫ్టులు, ల్యాప్‌టాప్ పాడవడం, ఒకే వారంలో మూడు గడువులు సాధారణంగా చెల్లవు. జబ్బు ఏడు రోజులు దాటేలా ఉంటే, ఇంకా బాగా లేనప్పుడే జీపీ (మీరు నమోదైన స్థానిక డాక్టరు) దగ్గరకు వెళ్లండి. కోలుకున్నాక తెచ్చే ఉత్తరంలో ‘రోగి ఇలా చెప్పారు’ అనే ఉంటుంది, దానికి బరువు తక్కువ. మధుమేహం, ఆస్తమా, కుంగుబాటు లాంటివి ఎప్పటినుంచో ఉంటే డిజెబిలిటీ విభాగంలో ముందే నమోదు కావాలి. 2010 నాటి సమానత్వ చట్టం కింద తగిన సర్దుబాట్లు చేయాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయానిదే. ‘పెళ్లి సంబంధాలకు తెలుస్తుందేమో’ అని దాచిపెట్టేవాళ్లను చూస్తే కోపం వస్తుంది.

విరామం ఆఖరి అస్త్రం. చదువు 60 రోజులకు మించి ఆగితే విశ్వవిద్యాలయం సాధారణంగా మీ వీసాకు ఆధారమైన స్పాన్సర్‌షిప్ ఉపసంహరించుకోవాలి. అంటే ఇంటికి తిరిగొచ్చి, మళ్లీ వీసా, మళ్లీ ఫీజు. పెద్ద శస్త్రచికిత్సకో ప్రసవానికో అదే సరైన దారి. గడువుల భయానికి కాదు. డిఫరల్ వల్ల కోర్సు ముగింపు వెనక్కి జరిగితే, చదువయ్యాక అక్కడే పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాకూ ఇబ్బందే. కోర్సు పూర్తయిందని విశ్వవిద్యాలయం తెలిపాక, స్టూడెంట్ వీసా ముగిసేలోపే దానికి దరఖాస్తు చేయాలి. ఏడాది కోర్సుకు చివర్లో ఇచ్చే అదనపు నాలుగు నెలల్లో ఇదంతా సరిపోతుందో లేదో ఇంటర్నేషనల్ ఆఫీసును ముందే అడగండి.

ఈసీ తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా తేలకపోతే ఇంగ్లండ్, వేల్స్‌లలో ఓఐఏ అనే స్వతంత్ర సంస్థ ఉచితంగా ఫిర్యాదు విచారిస్తుంది. అయితే అప్పీలు నడుస్తోంది కదా అని రీసిట్ మానేయకండి.