హన్మకొండలో కల్తీ లేని జొన్నరొట్టె, పక్కన పప్పు కూడా

నెలసరి ఆగిపోయే వయసులో రాత్రి అన్నం తగ్గించి రొట్టె తినాలనుకునే ఆడవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. సుబేదారి వైపు బోర్డు కూడా లేని చిన్న రొట్టెల సెంటర్ ఒకటి ఉంది, సాయంత్రం ఆరు దాటితే ఇద్దరు అక్కలు వేడివేడిగా చేసిస్తారు, నాకు చాలా నచ్చింది.

ముందు పిండి సంగతి. చాలా చోట్ల రొట్టె విరగకుండా మెత్తగా ఉండాలని గోధుమపిండో బియ్యప్పిండో కలుపుతారు. గోధుమపిండిని సాగేలా చేసే గ్లూటెన్ అనే ప్రొటీన్ జొన్నలో ఉండదు కాబట్టి అసలు రొట్టెకు అంచులు పగులుతాయి, చల్లారితే గట్టిపడుతుంది. చపాతీలా సాగుతుంటే అనుమానించాల్సిందే! ఇక్కడ మరిగే నీళ్ళు పోసి పిండి కలిపి మన కళ్ళ ముందే చేత్తో కొడతారు.

ఇంత పట్టింపు ఎందుకంటే, నాకు 48 ఏళ్ళు, తిండి ఏమీ మారకుండానే నడుము చుట్టూ కొవ్వు చేరింది, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో 5.9 వచ్చింది (5.7 నుంచి 6.4 దాకా షుగర్‌కు ముందు దశ). ఈ వయసులో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గాక కొవ్వు పొట్టలోకి చేరడం, కండ తగ్గడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, చెడు కొలెస్ట్రాల్ పెరగడం అన్నీ కలిసే వస్తాయి. ఇంట్లో అందరి షుగర్ మాత్రలూ గుర్తుపెట్టుకునే మనం మన టెస్టు మాత్రం వాయిదా వేస్తాం, దయచేసి చేయించుకోండి.

అలాగని జొన్నే కదా అని నాలుగు రొట్టెలు లాగించొద్దు, అందులోనూ మూడింట రెండు వంతులు పిండి పదార్థమే. పీచు ఎక్కువ, అదే లాభం. కండ నిలవాలంటే ప్రొటీన్ కావాలి, ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి) లెక్కన కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. అందుకే నేను రెండు రొట్టెలకు చుక్కకూర పప్పు, బబ్బెర గుడాలు తీసుకుంటా. రెండూ బాగా చేస్తారు, గుడాల్లో ఉల్లిగడ్డ పచ్చిదే వేస్తారు, నిమ్మకాయ పిండుకుంటే కమ్మగా ఉంటుంది. వారంలో రెండు రోజులైనా బరువులెత్తే వ్యాయామం కూడా ఉండాలి, తిండి ఒక్కటే సరిపోదు.

నచ్చనిది ఒకటే, అడగకపోతే నూనె తేలే ఆలుగడ్డ కూర కట్టిస్తారు. ఎల్లిపాయ కారం మాత్రం అదిరిపోతుంది, కానీ రాత్రిపూట ఒళ్ళంతా ఆవిర్లు వచ్చేవాళ్ళు తక్కువ వేసుకోవడం మేలు, కారం తిన్న రోజు నాకు ఎక్కువవుతాయి.

రొట్టె 20 రూపాయలు. ఎనిమిదిన్నర దాటితే పప్పు అయిపోతుంది, ముందే వెళ్ళండి.