1/72 లాంకాస్టర్ కిట్: పని ఎక్కువ పెట్టాల్సింది పొట్ట కింద

లాంకాస్టర్ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ బాంబర్ విమానం, ఇది దాని 72వ వంతు ప్లాస్టిక్ నమూనా. హనుమకొండ దుకాణాల్లో దొరకదు, హైదరాబాద్ నుంచి కొరియర్‌లో తెప్పించుకోవాల్సిందే. పెట్టె రాగానే ముందు అద్దాల ముక్కలున్న ఫ్రేము చూడండి. పగులు కనిపిస్తే ఆ రోజే ఫొటో తీసి అమ్మినవాళ్లకు పంపాలి. పూర్తయ్యాక రెక్కల నిడివి 43 సెంటీమీటర్లు. అల్మారా కొలుచుకున్నాకే ఆర్డరివ్వండి.

కిట్‌లో మెచ్చుకోవాల్సింది స్పార్, అంటే విమానం నడుమ గుండా రెక్క నుంచి రెక్కకు పోయే దూలం. దాన్ని నిటారుగా అతికించి ఒక రాత్రి ఆరనిస్తే రెక్కల వాలు దానంతటదే కుదురుతుంది. అసలు విమానంలో ఇదే దూలం సిబ్బంది ప్రాణం మీదికి తెచ్చింది. బయటపడాలంటే మంటల్లో, చీకట్లో, లావుపాటి బట్టలతో దాన్ని ఎక్కి దాటాలి. ముందు కూర్చున్నవాళ్లకు ముక్కు అడుగున 22 అంగుళాల వెడల్పు తలుపే దిక్కు. వెనక గన్నర్ పారాచూట్ టర్రెట్ (గన్లతో పాటు తిరిగే అద్దాల గూడు) బయట ఉండేది. కూలిన లాంకాస్టర్లలో బతికి బయటపడ్డది నూటికి పదిహేను మంది దాకానే. అంత ముఖ్యమైన తలుపును కిట్‌లో సన్న గీతతో సరిపెట్టారు. సూదిమొనతో ఇంకాస్త లోతుగా గీయండి.

గన్స్ ఎనిమిది: ముక్కున 2, వీపున 2, తోకన 4. కిందికి చూసేది ఒక్కటీ లేదు. 1943 నుంచి జర్మన్ రాత్రి ఫైటర్లు ఆ గుడ్డి వైపే పట్టుకున్నాయి. పైకి గురిపెట్టి బిగించిన ఫిరంగులతో కిందికి చేరి, రెక్కల్లోని పెట్రోలు ట్యాంకులను కాల్చేవి. బాంబుల అర జోలికి పోయేవి కావు, అది పేలితే తామూ మిగలరు మరి. పొట్ట కింది రాడార్ గుమ్మటం పెట్టేవాళ్లకు ఇంకో సంగతి: దాని తరంగాలను పసిగట్టే పరికరం జర్మన్ల దగ్గర ఉండేది.

ప్లాస్టిక్ గన్ గొట్టాలు మరీ లావు. మెడికల్ షాపులో 27 నంబరు సిరంజి సూది తెచ్చి కోసి పెట్టండి, మందం 0.4 మిల్లీమీటర్లు, స్కేలుకు సరిపోతుంది. అద్దాలకు ఫెవిక్విక్ రకం జిగురు వాడొద్దు, ఆవిరికి తెల్లగా మసకబారతాయి. తెల్ల ఫెవికాల్ చాలు. వెనక టర్రెట్ అద్దం ఎలాగూ పాడైతే నడిమి పలక కోసేయండి, బాగా కనిపించాలని చాలామంది గన్నర్లు నిజంగానే దాన్ని తీసేయించుకున్నారు.

పొట్టకు మ్యాట్ నలుపు. మన ఎండాకాలంలో అక్రిలిక్ రంగు ఎయిర్‌బ్రష్ మూతిలోనే ఎండిపోతుంది. పొద్దున ఎనిమిదిలోపు కొట్టండి, రంగు నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ రెండు చుక్కలు కలపండి. హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ థిన్నర్‌తో తుడిచారో, ప్లాస్టిక్ కరిగిపోతుంది. డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు) నానబెట్టేందుకు బోరు నీళ్లు పనికిరావు, నలుపు మీద సున్నపు మరక తేలుతుంది. ఫిల్టర్ నీళ్లు వాడండి.

మొదటి కిట్‌గా కొనొద్దు. నాలుగైదు ఫైటర్లు కట్టినవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు.