నెక్స్ట్‌స్ట్రెయిన్ పాడి ఆవుల బర్డ్ ఫ్లూ పేజీ: వంశవృక్షం ఎంతవరకు చెబుతుంది?

అమెరికాలో టెక్సస్, కాన్సాస్ పాడి ఆవులకు హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకినట్టు 2024 మార్చి 25న నిర్ధారణ అయినప్పుడు తేల్చుకోవలసిన మొదటి విషయం ఒకటుంది. అడవి పక్షులు ఒక్కో డెయిరీకి విడివిడిగా వైరస్‌ను చేరవేస్తున్నాయా, లేక ఒక్కసారి ఆవుల్లోకి ప్రవేశించిన వైరస్ ఆ తర్వాత మంద నుంచి మందకు పాకుతోందా? మొదటిది నిజమైతే పక్షులను మేత, నీటి తొట్ల దరికి రానివ్వకూడదు. రెండోది నిజమైతే పశువుల రవాణా మీద, పాలు పితికే యంత్రాల మీద దృష్టి పెట్టాలి. జన్యుక్రమాలను పోల్చి దీనికి జవాబు చూపే ఉచిత వెబ్‌సైటు నెక్స్ట్‌స్ట్రెయిన్. ట్రెవర్ బెడ్‌ఫర్డ్, రిచర్డ్ నెహర్ ప్రారంభించిన ఈ సేవకు 2017లో ఓపెన్ సైన్స్ ప్రైజ్ లభించింది. నేను ఇక్కడ సమీక్షిస్తున్నది అందులోని పాడి ఆవుల పేజీని మాత్రమే.

పేజీలో ప్రధానంగా కనిపించేది వైరస్ నమూనాల వంశవృక్షం, అంటే ఏది దేని నుంచి చీలిందో చూపే బొమ్మ. ఒక్కో చుక్క ఒక్కో నమూనా; అడ్డంగా కాలం నడుస్తుంది; ఆవు, పిల్లి, కోడి, అడవి పక్షి, మనిషి అన్న తేడాను బట్టి చుక్కలకు రంగులు వేసుకోవచ్చు. అలా రంగు వేయగానే బి3.13 అనే హెచ్5ఎన్1 ఉపరకానికి చెందిన ఆవుల నమూనాలన్నీ ఒకే కొమ్మ నుంచి చీలినట్టు, ఆ కొమ్మ 2023 చివర లేదా 2024 ఆరంభంలో, అంటే వ్యాధి బయటపడడానికి ముందే, పక్షుల వైరస్ నుంచి వేరుపడినట్టు కనిపిస్తుంది. ఆవుల గుంపు మధ్యలో అక్కడక్కడా పిల్లులు, కోళ్ల ఫారాల చుక్కలున్నాయి కనుక వ్యాధి ఆవుల నుంచి ఇతర జీవులకు మళ్లిన సంగతి కూడా తెలుస్తుంది. పుటల కొద్దీ వ్యాసం చెప్పవలసిన విషయాన్ని ఈ బొమ్మ చూపులోనే అందిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చినది వృక్షాన్ని నిర్మించిన తీరు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లో 8 జన్యు ఖండాలుంటాయి. సాధారణంగా వైరస్ ఉపరితల ప్రోటీన్‌కు చెందిన ఒక్క హెచ్ఏ ఖండంతోనే వృక్షం గీస్తారు. కొద్ది నెలల్లో వ్యాపించిన వ్యాధిలో రెండు డెయిరీల హెచ్ఏ ఖండాలు అచ్చంగా ఒకేలా ఉండే అవకాశం ఎక్కువ కనుక, ఇక్కడ 8 ఖండాలనూ కలిపి, సుమారు 13 వేల జన్యు అక్షరాల పొడవున పోల్చారు. ఆవుల్లో ఈ వైరస్ ఖండాలను ఇతర ఫ్లూ వైరస్‌లతో మార్చుకోకుండా సాగడం వల్లనే ఈ పద్ధతి చెల్లుతుంది. 2025లో నెవాడా ఆవుల్లో బయటపడిన డి1.1 రకం పక్షుల నుంచి వేరుగా వచ్చినది. దానిని ఈ వృక్షానికి అతికించి చదవకూడదు.

అయితే ఈ పేజీని నమ్మవలసినంత మేరకే నమ్మాలి. 2024 ఏప్రిల్‌లో అమెరికా వ్యవసాయ శాఖ ముడి జన్యుసమాచారాన్ని విడుదల చేసినప్పుడు నమూనా ఏ రాష్ట్రానిదో, ఏ రోజు తీసినదో చెప్పకుండా దేశం పేరు, సంవత్సరం మాత్రమే ఇచ్చింది. అటువంటి నమూనాలకు తేదీని ఉత్పరివర్తనల (జన్యువుల్లో వచ్చే మార్పుల) వేగాన్ని బట్టి లెక్కగట్టారు. చుక్క మీద నొక్కితే అది అంచనా అని తెలుస్తుంది కానీ, దూరం నుంచి చూసేవారికి అసలు తేదీ, అంచనా తేదీ ఒకేలా కనిపిస్తాయి. లోపం సమాచారం ఇచ్చినవారిదే అయినా, ఆ చుక్కలను వేరే ఆకారంలో చూపించవలసింది.

కొమ్మల రంగుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆ కొమ్మ దశలో వైరస్ ఏ జీవిలో ఉండేదో చెప్పే ఆ రంగులు గణాంక అంచనాలు. ఆవుల నుంచి నమూనాలు విస్తారంగా తీసి, చుట్టుపక్కల పక్షుల నుంచి కొద్దిగానే తీస్తే లోపలి కొమ్మలు ఆవుల రంగువైపే మొగ్గుతాయి. టెక్సస్‌లో తొలుత వ్యాధి సోకిన కార్మికుడి వైరస్ ఇందుకు మంచి పాఠం. అతడి వైరస్‌లో, 8 ఖండాల్లో ఒకటైన పీబీ2లోని 627వ స్థానం మారింది. ఆవులలో దాదాపు అంతటా కనిపించే 631వ స్థానపు మార్పు అందులో లేదు. అందుకే ఆ చుక్క ఆవుల గుంపులో కలవకుండా పక్కన నిలిచింది. ఎవరూ నమూనా తీయని ఆవుల శాఖ ఒకటి ఉండి ఉండవచ్చునని దీని సూచన. ఏ జాతి పక్షి, ఏ పొలంలో ఈ వ్యాధిని అంటించిందో కూడా వృక్షం చెప్పలేదు. పేజీలోని భౌగోళిక పటం మీద వైరస్ ప్రయాణాన్ని చూపే గీతలను పశువుల లారీలు తిరిగిన దారులుగా చదివితే పూర్తిగా పొరబడతాం.

ఫోనులో ఈ పేజీ ఇరుకుగా ఉంటుంది. కంప్యూటరులోనే చూడడం మేలు. తెలుగులో లేదు. వృక్షాన్ని, నమూనాల వివరాల పట్టికను దించుకునే వీలుంది కనుక పశువైద్య కళాశాలల్లో పాఠానికి బాగా పనికివస్తుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలను దెబ్బతీసిన హెచ్5ఎన్1 గురించి తెలుసుకోదలచినవారికి మాత్రం ఈ పేజీలో ఏమీ దొరకదు. వారు అదే సైటులోని సాధారణ హెచ్5ఎన్1 పేజీల నుంచి మొదలుపెట్టాలి.