ఈ-గ్రామ్‌స్వరాజ్ సమీక్ష: ఊరికొచ్చిన నిధుల లెక్క ఎంతవరకు దొరుకుతుంది?

మీ పంచాయతీకి ఆర్థిక సంఘం (కేంద్రం డబ్బును రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు ఎలా పంచాలో చెప్పే సంఘం) నిధులు ఎంత వచ్చాయి, అందులో ఏ కాలువకు ఎంత రాశారు అన్నది తెలుసుకోవడానికి ఆర్టీఐ దరఖాస్తు పెట్టి 30 రోజులు ఎదురుచూడనక్కర్లేదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న తెచ్చిన ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో అది అందరికీ తెరిచే ఉంది. యాప్ ఉంది, వెబ్‌సైట్ ఉంది. చూడటానికి లాగిన్ అక్కర్లేదు, రుసుమూ లేదు. ఆర్థిక సంఘం పద్దు వరకైతే దీనికి ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాం. ఊరికి వచ్చే డబ్బంతా ఇందులో ఉంటుందనుకుని తెరిస్తే మాత్రం రెండుకు మించి ఇవ్వలేం.

ఈ తేడా అర్థం కావాలంటే ముందు డబ్బు వచ్చే దారి తెలియాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచుకోవాల్సిన కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు ఇచ్చింది.    పంచాయతీల గ్రాంటు ఆ 41 శాతంలోది కాదు, విడిగా వస్తుంది. గ్రామీణ స్థానిక సంస్థలకు ఐదేళ్లకు 2,36,805 కోట్లు సిఫార్సు చేశారు. రాష్ట్రాల మధ్య దాన్ని పంచింది 90 శాతం జనాభాను బట్టి, 10 శాతం విస్తీర్ణాన్ని బట్టి. కేంద్రం నుంచి అందిన పది పనిదినాల్లో రాష్ట్రం దాన్ని కిందికి పంపాలి. ఆలస్యమైతే వడ్డీ కట్టాలి.

యాప్‌లో చూడటం సులువే. ఆర్థిక సంవత్సరం, రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామ పంచాయతీ వరసగా ఎంచుకుంటే మూడు భాగాలు వస్తాయి: ఎన్నికైన ప్రతినిధులు, ఆమోదం పొందిన పనులు, ఆర్థిక ప్రగతి. చాలామంది సర్పంచి పేరు చూసి మూసేస్తారు. అసలు సరుకంతా మూడో దాంట్లో ఉంది. పథకం వారీగా జమ ఎంత, ఖర్చు ఎంత అక్కడే కనిపిస్తుంది. ఇంకా లోపలికి వెళ్లడానికి వెబ్‌సైట్ రిపోర్టులే నయం.

అక్కడ 'ఎక్స్‌వీఎఫ్‌సీ/2022-23/పి/12' లాంటి వోచర్ నంబర్లు కనిపిస్తాయి. మొదటి ముక్క 15వ ఆర్థిక సంఘం పద్దు, రెండోది సంవత్సరం, 'పి' అంటే చెల్లింపు, చివరిది వరస సంఖ్య. 'పి' స్థానంలో 'ఆర్' ఉంటే అది జమ. ఆ వోచర్ తేదీ, మొత్తం, పని పేరు రాసుకుని 'ఆమోదం పొందిన పనులు' పట్టికతో పోల్చండి. ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది ఈ పోలికే. ప్రణాళికలో లేని పనికి చెల్లింపు కనిపించినా, 'మరమ్మతులు' అని ఒక్క ముక్క రాసి వదిలేసినా గ్రామసభలో ఆ నంబరు చెప్పి ఎంబీ పుస్తకం (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) చూపించమని అడగవచ్చు. నోటిమాటగా అడిగిన ప్రశ్నను పక్కకు తోసేసినంత తేలిగ్గా వోచర్ నంబరుతో అడిగినదాన్ని తోసేయలేరు.

టైడ్ (ఫలానా పనికే వాడాల్సిన), అన్‌టైడ్ (ఆ షరతు లేని) నిధుల లెక్క కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో పది లక్షలు వస్తే ఆరు లక్షలు టైడ్. అందులో మూడు లక్షలు పారిశుధ్యానికి, మూడు లక్షలు తాగునీరు, వాననీటి సంరక్షణకు. మిగతా నాలుగు లక్షలు ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ, జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదు. 'సీసీ రోడ్డుకు డబ్బుల్లేవు' అని పంచాయతీ చెప్పినప్పుడు ఖాతాలో నిల్వ ఉన్నా ఆ మాట నిజమే కావచ్చు. ఆ నిల్వ టైడ్‌ది అయితే రోడ్డుకు తీయడం కుదరదు.

ఇక తికమకలు. సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. పాత ఏడాది రెండో విడత చాలాసార్లు కొత్త ఏడాదిలో పడుతుంది. కాబట్టి ఒక్క ఏడాదే చూసి 'నిధులు రాలేదు' అనకండి, వెనకా ముందూ రెండేళ్లు చూడండి. తెలంగాణలో 2018లో తండాలు, శివారు గ్రామాలు విడి పంచాయతీలయ్యాయి. వాటి అంతకుముందు లెక్క పాత పంచాయతీ పేరు మీదే వెతకాలి. తెలంగాణలోనే 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా సర్పంచులు లేరు. ఎన్నికైన పాలకవర్గం ఉండాలన్న షరతు వల్ల ఆర్థిక సంఘం గ్రాంటు ఆగిపోయింది. ఆ కాలంలో జమ కనిపించకపోతే కార్యదర్శిని తప్పుపట్టడం అన్యాయం.

చెల్లింపులు నిలిచిపోవడానికి కారణాలు వేరు. బిల్లు ఒకరు తయారు చేస్తే ఇంకొకరు ఆమోదించాలి, ఇద్దరి డిజిటల్ కీలూ (ఎలక్ట్రానిక్ సంతకాలు) పడాలి. కార్యదర్శి బదిలీ అయినా, కీ గడువు తీరినా కొత్తది నమోదయ్యేదాకా బిల్లు కదలదు. గుత్తేదారు బ్యాంకు ఖాతా వివరాలు తప్పితే పీఎఫ్‌ఎంఎస్ (కేంద్రం ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ) తిప్పి పంపుతుంది. పాత ఏడాది పుస్తకం ముగించకపోయినా, కొత్త ప్రణాళిక ఎక్కించకపోయినా ఆన్‌లైన్ చెల్లింపులు మొదలే కావు. ఏప్రిల్, మే నెలల్లో వోచర్లు తక్కువగా కనిపిస్తే ముందు అడగాల్సింది ఇదే.

పెద్ద లోటు ఏమిటంటే, ఊళ్లో కనిపించే పనుల్లో చాలావాటి డబ్బు ఈ దారిన రాదు. ఉపాధి హామీ కింద వేసిన సీసీ రోడ్డు లెక్క ఆ పథకం సొంత వెబ్‌సైట్‌లో ఉంటుంది. కూలీల వేతనం నేరుగా వాళ్ల ఖాతాల్లోకి పోతుంది, పంచాయతీ ఖాతాను తాకదు. రాష్ట్రం నుంచి రావాల్సిన స్టాంపు డ్యూటీ, సీనరేజి (ఇసుక, కంకర లాంటి ఖనిజాల తవ్వకంపై రుసుము) వాటాలు, ఊరు సొంతంగా వసూలు చేసుకునే ఇంటిపన్ను, కుళాయి పన్ను, చెరువు వేలం పాట డబ్బు ట్రెజరీ దారిన నడుస్తాయి. ఈ-గ్రామ్‌స్వరాజ్ చూసి వాటి గురించి ఒక నిర్ణయానికి రాకండి. కేంద్రం ఇచ్చింది రూపాయి దాకా కనిపించి, రాష్ట్రం ఇవ్వాల్సింది కనిపించకపోతే బాకీ ఎవరిదో జనానికి ఎలా తెలుస్తుంది? సొంత నిధుల పద్దునూ ఇదే తెర మీదకు తేవాలని గట్టిగా కోరుతున్నాం.

భాష సంగతి. కేంద్ర ప్రభుత్వ అనువాద సాధనం భాషిణితో 2024 ఆగస్టు నుంచి వెబ్‌సైట్‌ను తెలుగులో చూడవచ్చు. మెనూలకు అది చాలు. వోచర్ వివరాలు మాత్రం కార్యదర్శి ఇంగ్లిషులో కొట్టిన పొట్టి మాటలే. పని పేర్లు, మొత్తాలు చదివేటప్పుడు ఇంగ్లిషు పేజీయే పక్కన పెట్టుకోండి. ఊరి పేరు జాబితాలో దొరక్కపోతే ఇంగ్లిషు స్పెల్లింగు మార్చి వెతకండి.