గోంగూర మాంసానికి ఏ షిరాజ్ మేలు: బరోసాదా, గ్రాంపియన్స్‌దా?

మెల్‌బోర్న్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చే మిత్రులు ముందురోజు ఫోను చేసి అడిగే ప్రశ్న ఒకటే: బరోసా షిరాజ్ తెమ్మంటారా, గ్రాంపియన్స్‌దా? రెండూ ఆస్ట్రేలియాలోని రెండు ప్రాంతాల రెడ్ వైన్లు, షిరాజ్ అనే ఒకే రకం నల్లద్రాక్షతో చేసినవి. తేడా అంతా పండిన చోటి ఎండది, చలిది.

బరోసాను తక్కువ చేయలేను. అడిలైడ్‌కు ఈశాన్యాన ఉన్న ఆ వెచ్చని లోయలో 1843లో నాటిన షిరాజ్ తీగలు నేటికీ కాస్తున్నాయి. వేర్లను పీల్చే ఫిలాక్సెరా పురుగు దక్షిణ ఆస్ట్రేలియాకు చేరకపోవడం వాటి అదృష్టం. ఆ వైన్ చిక్కన, బాగా మగ్గిన పండు రుచి. నిప్పుల మీద కాల్చిన మాంసానికి నేనూ అదే తెస్తాను.

కానీ వండేది గోంగూర మాంసం. ఇక్కడ తీర్పు చెప్పేది పులుపే. ఎండ ముదిరేకొద్దీ ద్రాక్షలో పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం తరిగిపోతుంది, చక్కెర పెరుగుతుంది, ఆ చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది. బరోసా సీసాల మీద 14.5 శాతం మామూలు, 15 కూడా కనబడుతుంది. కూర పులుపు వైన్ పులుపును మించిందంటే వైన్ చప్పబడిపోతుంది. పైగా ఆల్కహాల్ మిరపకారం మంటను ఎగదోస్తుంది. అంత మంచి వైన్ మన కూర పక్కన అలా ఓడిపోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మెల్‌బోర్న్‌కు వాయవ్యాన ఉన్న గ్రాంపియన్స్‌లో రాత్రులు చల్లన. పండు నిదానంగా పక్వానికి వస్తుంది, పులుపు నిలుస్తుంది, ఆల్కహాల్ తరచూ 14 శాతం దాటదు. ఇక ఆ మిరియాల వాసన! అది ఉత్త పోలిక కాదు. మిరియాలకు ఘాటైన వాసననిచ్చే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్ తొక్కలోనూ ఉందని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2008లో ప్రకటించారు. లీటరు వైన్‌లో 16 నానోగ్రాములుంటే చాలు, ముక్కు పసిగడుతుంది. చల్లని ఏడాదుల్లో, నీడపట్టున పండిన గుత్తుల్లో అది ఎక్కువ. అయితే దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదు. మీ పక్కనున్నవారు మిరియం ఎక్కడని అడిగితే వాదించకండి.

విక్టోరియాలోనే ఉన్న హీత్‌కోట్ షిరాజ్ రుచిలో ఈ రెంటికీ నడుమ ఉంటుంది. మెల్‌బోర్న్ దగ్గరి యారా లోయలో సిరా (షిరాజ్‌కే మరో పేరు) అని అమ్మేది ఇంకా తేలిక, కోడికూరకు చాలు.

గ్రాంపియన్స్ సీసానే తీసుకురండి. వడ్డనకు అరగంట ముందు ఫ్రిజ్‌లో పెడదాం. 16 డిగ్రీల దగ్గర ఆ పులుపు గోంగూరకు సరిగ్గా జోడీ కడుతుంది.